కాపలా మారే వేళ

చెన్నకేశవులు కన్నకూతురి చెయ్యి విరగ్గొట్టాడు. కోపంతో కాదు, తాగి కాదు. నిద్రలో విరగ్గొట్టాడు.

ఆదివారం మధ్యాహ్నం అన్నం తిని నడవలో చాప మీద వాలాడు. అతనికి కునుకు పట్టడమే గగనం. ఆ రోజెందుకో పట్టింది. పెరట్లో పొదుగుకోడి పిల్లల్ని చేసిందని ఆ కబురు ముందుగా నాయనకే చెప్పాలని పాప పరుగెత్తుకుంటూ వచ్చింది. "నాయినా" అని పిలిచి ఉంటే సరిపోయేది. పిలవకుండా అతని కాలి బొటనవేలు పట్టుకుని ఊపింది. పట్టాలం నుంచి సెలవుల్లో ఇంటికొచ్చినప్పుడు పొద్దున్నే పాపను బడికి అతను లేపే పద్ధతి అదే. "సిపాయీ, నీ డ్యూటీ వచ్చింది, లెయ్" అని వేలు పట్టుకుని ఊపేవాడు. పాప కిలకిలా నవ్వుతూ లేచేది.

అతను కళ్ళు తెరిచేసరికి పాప కింద ఉంది. చెయ్యి వెనక్కి మెలి తిరిగి అతని పిడికిట్లో ఉంది. ఎముక చేసిన చప్పుడు అతనికి వినపడింది. పాప అరుస్తోందని మాత్రం, భార్య నాగరత్న పొయ్యి దగ్గర నుంచి వచ్చి అతని జుట్టు పట్టి లాగేదాకా తెలియలేదు.

చెన్నకేశవులు పట్టాలంలో హవల్దారుగా చేసి దిగి వచ్చిన మనిషి. ఊళ్ళో మిలిటరీ కేశవులంటే మర్యాద ఉంది. ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు పెద్దలు. ఇతను రచ్చ గెలిచి వచ్చాడు కానీ ఇల్లు మాత్రం అతని చేతికి చిక్కలేదు. వచ్చిన కొత్తలో ఒక పెళ్ళి ఊరేగింపులో టపాకాయ పేలింది. ఇతను ఒక్క ఉదుటున దూకి, కారులోంచి పెళ్ళికొడుకును కిందికి లాగి, మట్టిలో పడేసి, వాడి మీద బోర్లా పడుకున్నాడు. ఊరంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. నాగరత్న కూడా అందరితో పాటు నవ్వి, ఇంటికొచ్చి వంటగదిలో కూర్చుని ఏడ్చింది.

మిలిటరీ ఆస్పత్రిలో డాక్టరు బిళ్ళలిచ్చాడు. అప్పుడప్పుడు వచ్చి మాట్లాడి పొమ్మన్నాడు. కొన్నాళ్ళు పోయాడు. ఏం మాట్లాడాలో తెలియక గోడమీది గడియారం చూస్తూ కూర్చుని తిరిగొచ్చేవాడు. తర్వాత అదీ మానేశాడు. ఒకసారి రైలు పట్టాల దాకా పోయి, బండి రావడం ఆలస్యమై, వెనక్కి వచ్చాడు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

పాప చేతికి కట్టు కట్టించి ఇంటికి తెచ్చిన రోజు సంచిలో రెండు జతల బట్టలు పెట్టుకున్నాడు.

"నేనుంటే మిమ్మల్ని ఎప్పుడో ఒకప్పుడు చంపుతా" అన్నాడు.

నాగరత్న పాప పక్కన కూర్చుని ఉంది. ఉండమని అనలేదు, పొమ్మనీ అనలేదు. అతను గడప దాటాడు.

*

పోరుమామిళ్ళ దాటి నల్లమల వైపు పోతే ఒక గుట్ట మీద చిన్న దర్గా ఉంది. గొర్రెలు కాచేవాళ్ళు వానలకు ముందు అక్కడికి వచ్చి సమాధి మీద ఒక కంబళి కప్పి పోతారు. అందుకే దాన్ని కంబళి బాబా దర్గా అంటారు. దాన్ని చూసుకునే ముసలాయన పేరు హుస్సేన్ పీరా. అందరికీ పీరా తాత. ఒక కంటికి పువ్వు వేసింది, మోకాళ్ళు వంగవు, నోట్లో ఎప్పుడూ వక్కపొడి. తాయెత్తులు కట్టడు, సోది చెప్పడు. అయినా జనం వచ్చి కష్టసుఖాలు చెప్పుకుని పోతుంటారు.

చెన్నకేశవులు వచ్చి ఆయన కాళ్ళ దగ్గర కూలబడ్డాడు.

"ఏం కావాల నాయినా?"

"దీన్ని తీసెయ్ తాతా."

"దేన్ని?"

చెన్నకేశవులు తల చూపించాడు. తర్వాత ఛాతీ చూపించాడు. తర్వాత రెండు చేతులూ చాపి చూపించాడు. అది ఎక్కడుందో అతనికే తెలియదు.

పీరా తాత ఆ చేతుల్ని కాసేపు చూశాడు.

"ఏం పని వచ్చు నీకు?"

"కాపలా."

"అయితే కాయి" అన్నాడు ముసలాయన, గోడకు ఆనించిన చేతికర్ర అందిస్తూ.

ఆ గురువారం గొర్రెలవాళ్ళు కంబళ్ళు తెచ్చారు. చెన్నకేశవులు దగ్గర ఇవ్వడానికి ఏమీ లేదు. సంచిలోంచి డాక్టరిచ్చిన బిళ్ళల అట్ట తీసి కళ్ళకద్దుకుని సమాధి మీద పెట్టాడు. తన నమ్మకం ఎంత గట్టిదో బాబాకు తెలియాలని అతని ఆశ.

పీరా తాత దాన్ని తీసి కంటికి దగ్గరగా పెట్టుకుని చూశాడు.

"ఇదెవరికి?"

"బాబాకు. ఆయన ఉండంగా నాకింక మందులెందుకు తాతా?"

"బాబా పోయి వందల ఏళ్ళయింది. ఆయనకు మందులతో పనిలేదు. నువ్వేసుకో."

గ్లాసుతో నీళ్ళు కూడా తెచ్చి ఇచ్చి, మింగేదాకా ఎదురుగా నిలబడ్డాడు.

*

చెన్నకేశవులు కాపలా కాయడం మొదలుపెట్టాడు. పగలూ రాత్రీ తేడా లేదు. గుట్ట చివర, దర్గా వాకిలి ముందు, కర్ర పట్టుకుని నిలబడేవాడు. కాళ్ళు పీకితే బండకు ఆనుకునేవాడు. కళ్ళు మూతపడబోతే చన్నీళ్ళు చల్లుకునేవాడు. ఎప్పుడైనా ఒళ్ళు తెలియకుండా తూలితే, తననెవరో తిట్టినట్టు ఉలిక్కిపడి లేచి చెంపలు వాయించుకునేవాడు.

వచ్చినవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. బాబాకు మిలిటరీ కాపలా వచ్చిందన్నారు. అంతకుముందు హుండీలో చెయ్యి పెట్టే దొంగలు ఆ ఛాయలకు రావడం మానేశారు. ఒకామె అయితే ఇతని కాళ్ళకే దణ్ణం పెట్టి, నిద్రాహారాలు మానిన మహానుభావుడని పొగిడింది. చెన్నకేశవులు వద్దు వద్దంటూనే కాస్త నిటారుగా నిలబడ్డాడు.

ఇంట్లో ఉన్నన్నాళ్ళూ నిద్ర లేకపోవడం రోగం. ఇక్కడ అదే తపస్సయి కూర్చుంది. పైగా అతనికి తనదైన ఒక లెక్క ఉంది. నిద్రపోనివాడు నిద్రలో ఎవరి చెయ్యీ విరగ్గొట్టడు. ఇట్లా మేలుకుని మేలుకుని లోపలున్న దాన్ని మాడ్చి చంపేస్తే, ఒక రోజు ఏ మచ్చా లేని మనిషై ఇంటికి పోవచ్చు. బుగ్గలు లోపలికి పోయాయి. కళ్ళ కింద నలుపు దిగింది. అన్నం ముద్ద నోటి దాకా తీసుకుపోయి అట్లాగే ఆగిపోయేవాడు.

పీరా తాత కొన్నాళ్ళు చూశాడు. ఒక సాయంత్రం వచ్చి పక్కన బండ మీద కూర్చుని వక్క నముల్తూ అడిగాడు.

"పట్టాలంలో కూడా ఇట్నే ఒక్కడివే కాస్తాంటివా?"

"లేదు తాతా. వంతులుంటాయి. ఒకని తర్వాత ఒకడు."

"ఎట్ట మారతారు?"

ఈ ఒక్క విషయం అడిగితే చెన్నకేశవులు గొంతు మామూలుగా పలుకుతుంది. హుషారుగా చెప్పాడు. "టైం కాంగానే లోపలికి పోయి తర్వాతోన్ని లేపాల. గట్టిగా పిలిస్తే శత్రువుకు ఇనపడతాది. అందుకని కాలి బొటనవేలు పట్టుకుని ఊపాల. వాడొచ్చి నిలబడతాడు. నేను చూసిందంతా వానికి అప్పజెప్పాల. వాడు సరే అన్నాకే నేను దిగాల. అప్పజెప్పకుండా దిగేది లేదు. పానం పోయినా దిగేది లేదు."

"నిన్ను ఆఖరిసారి ఎవరు దింపినారు?"

చెన్నకేశవులు లేచి వెనకవైపుకు పోయి గొడ్డలి తీసుకుని కట్టెలు కొట్టడం మొదలుపెట్టాడు. నెలకు సరిపడా కట్టెలుంటే వాటినే మళ్ళీ చిన్న ముక్కలుగా కొట్టాడు. చేతులు బొబ్బలెక్కాయి.

మర్నాడు తానే వచ్చి చెప్పాడు. ముసలాయన ముఖం చూడకుండా, గుట్ట కిందికి చూస్తూ చెప్పాడు.

మంచు కొండ మీద సరిహద్దును కాసే ఒక చిన్న చౌకీ. అతని తర్వాత వంతు పళని అనే అరవ కుర్రవాడిది. పెళ్ళి కుదిరిందని అందరికీ బెల్లం ముక్కలు పంచిపెట్టినవాడు. ఆ రోజు పొద్దు పొడిచే వేళకు చెన్నకేశవులు వంతు అయిపోయింది. లేపుదామని లోపలికి పోయాడు. పళనికి ముందురోజు నుంచీ జ్వరం. నోరు తెరుచుకుని ఆదమరిచి నిద్రపోతున్నాడు.

"జాలేసింది తాతా. వాని వేలు పట్టుకున్న్యా. మళ్ళీ వదిలేసిన్యా. పాపం పండుకోనీలే, వాని వంతు కూడా నేనే కాస్తా అనుకుని బయటికొచ్చిన్యా. వచ్చి నిలబడినానో లేదో, ఫిరంగి గుండు నేరుగా ఆ గదిమీదే పడింది."

కాలితో ఒక గులకరాయిని గుట్ట కిందికి తన్నాడు.

"నేను లేపింటే వాడు బయట ఉండేటోడు. నేను లోపల ఉండేటోన్ని."

ఆ తర్వాత అతను మర్నాడు మధ్యాహ్నం దాకా అక్కడే నిలబడి ఉన్నాడట. పక్క చౌకీవాళ్ళు ఎక్కి వచ్చి రెండు చేతులూ పట్టి ఈడ్చుకుపోయారు.

పీరా తాత ఓదార్చలేదు. నీ తప్పేం లేదని అనలేదు. ఆ మాట పెద్దాఫీసర్లు చెప్పారు, డాక్టరు చెప్పాడు, నాగరత్న వెయ్యిసార్లు చెప్పింది. అది అతనికి ఎక్కడా అంటలేదు. ముసలాయన లేచిపోయి కంచంలో అన్నం, చింతకాయ పచ్చడి పెట్టుకుని వచ్చాడు. ఇద్దరూ ఒకే కంచంలో తిన్నారు.

*

మరుసటి రోజు మధ్యాహ్నం నమాజు ముగించుకుని పీరా తాత వాకిట్లోకి వచ్చాడు. చెన్నకేశవులు ముందు నిలబడి చెయ్యి చాపాడు.

"కర్ర ఇటియ్యి. నా వంతు."

"నీకెందుకు తాతా ఈ శ్రమ? పోయి పండుకో. నీ వంతు కూడా నేనే..."

"పళనిని కూడా ఇట్నే గదా పండుకోనిచ్చినావు."

ముసలాయన గొంతు పెంచలేదు. ఎండ ఎంత ఉందో చెప్పినట్టు చెప్పాడు.

చెన్నకేశవులు కళ్ళు ఎర్రబడ్డాయి. కర్ర పైకి లేచింది. నిజంగానే లేచింది. దాన్ని ఎత్తినవాడికే ఎత్తినట్టు తెలియలేదు. పట్టాలంలో చేసిన చేతులవి, ఒక్క దెబ్బ చాలు. ముసలాయన పక్కకు జరగలేదు. చాపిన చెయ్యి కూడా వెనక్కి తీసుకోలేదు. మోకాళ్ళు వంగనివాడు పారిపోయి మాత్రం ఎక్కడికి పోతాడు.

గాలిలో ఉన్న కర్ర మెల్లగా దిగి ఆ చేతిలోకి వచ్చింది.

"ఇంక అప్పజెప్పు" అన్నాడు పీరా తాత. "అప్పజెప్పకుండా దిగగూడదంటివి గదా."

చెన్నకేశవులు చొక్కా భుజంతో ముఖం తుడుచుకున్నాడు. "తూర్పున మేకల మంద. కింద రోడ్డుమీద ఒక ట్రాక్టరు. పడమర ఎవురూ లేరు."

"ఇంకేమన్నా?"

"ఇంకేం లేదు."

"సరే. దిగు."

అతను లోపలికి పోయి నాపరాళ్ళ మీద వెల్లకిలా పడుకున్నాడు. నిద్ర రాలేదు. పైకప్పు చూస్తూ ఉన్నాడు. రెండో రోజూ అంతే. మూడో రోజు గడప దగ్గర నుంచి ఒక శబ్దం వచ్చింది.

"తాతా, నిద్రపోతున్నావు."

"లేదే."

"గురక ఇనపడింది."

"ఇనపడిందా? అయితే పోయింటా" అన్నాడు ముసలాయన. "ఒంటికంటోన్ని కాపలా పెట్టుకుంటే ఇంతే నాయినా."

చెన్నకేశవులు నవ్వాడు. ఆ నవ్వుకు అతనే ఆశ్చర్యపోయాడు. ఆ మరుసటి రోజు నిద్రపట్టింది.

నిద్రపట్టడమంటే సుఖంగా పట్టడం కాదు. అరుస్తూ లేచాడు. కాలితో తన్ని నీళ్ళ బిందె పడగొట్టి, మూలకు పోయి గోడకు వీపు పెట్టి, లేని తుపాకీ పట్టుకుని కూర్చున్నాడు. పీరా తాత దగ్గరికి రాలేదు. గడప మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉండి పిలిచాడు.

"చెన్నకేశవులూ. ఇది దర్గా. ఈ పొద్దు మంగళవారం. పొయ్యి మీద పప్పు ఉడుకుతాంది."

ఆగి, మళ్ళీ అదే చెప్పాడు. మూడోసారి చెప్పినప్పుడు చెన్నకేశవులుకు పప్పు వాసన తగిలింది. మంచు కొండ మీద కందిపప్పు వాసన రాదు. అతను తన చేతుల్ని చూసుకున్నాడు. వాటిలో ఏమీ లేదు.

అప్పటినుంచి అది అక్కడి పద్ధతైంది. అతన్ని వెనకనుంచి ఎవరూ ముట్టుకోరు. దూరం నుంచి పేరు పెట్టి పిలిచి, తామెవరో చెప్పి, అప్పుడు దగ్గరికి వస్తారు. పెరుగు తెచ్చే లక్ష్మక్క గుట్ట కిందనుంచే కేక వేసేది. "మిలిటరీ అబ్బాయా, నేను పెరుగు లక్ష్మక్కను, వస్తాండా, కాల్చొద్దు." అతను పైనుంచి చెయ్యి ఊపేవాడు. మధ్యాహ్నం పీరా తాత గడప మీద కూర్చునేవాడు, అతను లోపల పడుకునేవాడు. లేచి బిందెలు నింపేవాడు, వాకిలి ఊడ్చేవాడు, రాత్రికి బిళ్ళ వేసుకునేవాడు. నెలకోసారి బస్సెక్కి డాక్టరు దగ్గరికి పోయి ఒకటో రెండో మాటలు చెప్పి వచ్చేవాడు.

అంతమాత్రాన అంతా చక్కబడిందనుకుంటే పొరపాటు. ఉరుసు రోజు తప్పెట్లు మోగగానే రాళ్ళ మధ్యకు పారిపోయి, చీకటిపడేదాకా బయటికి రాలేదు. కొన్ని మధ్యాహ్నాలు నిద్రలో పళని బెల్లం ముక్క ఇచ్చేవాడు. ఆ రోజులు అన్నిటికంటే చెడ్డవి. లేచాక ఎవరితోనూ మాట్లాడకుండా, రైలు కూత వినపడే దిక్కుకు తిరిగి కూర్చునేవాడు. అట్లాంటప్పుడు పీరా తాత పని మానుకుని వచ్చి పక్కన కూర్చునేవాడు. పొద్దు గుంకేదాకా లేచేవాడు కాదు.

*

నాగరత్న అప్పుడప్పుడు గుట్ట ఎక్కి వచ్చేది. ఉతికిన బట్టలు, ఇన్ని కారాలు ఇచ్చి పోయేది. ఆమె వచ్చే దారి పైనుంచి కనబడుతుంది కాబట్టి చెన్నకేశవులు ముందే వెనకవైపుకు తప్పుకునేవాడు. ఒక రోజు ఆమె ఎండ నడినెత్తిన ఉండగా వచ్చింది. అతను లోపల పడుకోబోతున్నాడు. తప్పుకోవడానికి దారి లేకపోయింది.

ఆమె వాకిట్లో నిలబడింది. గడప మీద పీరా తాత, లోపల చెన్నకేశవులు.

"పాప?" అన్నాడు అతను.

"చెయ్యి అతుక్కున్యాది. కట్టు ఉన్నన్నాళ్ళూ ఎడమ చేత్తో రాసి రాసి, ఇప్పుడు దాంతోనే రాస్తాంది. కుడిచెయ్యి మంచిదైంది గదా అంటే ఇనదు." నాగరత్న ఆగింది. "పిల్చినా. రాను అన్యాది."

చెన్నకేశవులు తల దించుకున్నాడు.

"మా అన్న పెద్దమనుషుల్ని పిలుస్తా అంటాండాడు. తెగదెంపులు చేసుకోమంటాండాడు. చచ్చిపోయినోని పెండ్లానికి పతకం ఇస్తారు, దండ ఏస్తారు, అందరూ వచ్చి పలకరిస్తారు. నాకెవురు ఏం ఇచ్చినారు బావా? నువ్వు ఉండావంటారు. యాడుండావు?"

"ఇంక కొన్నాళ్ళు రత్నా. నిద్ర పడతాంది. పూర్తిగా తగ్గినాక వస్తా. ఒట్టు. పూర్తిగా తగ్గినాక."

నాగరత్న ముసలాయన వైపు తిరిగింది.

"ఎప్పుడు తగ్గుతాది తాతా?"

పీరా తాత నోట్లోని వక్క ఉమ్మేశాడు.

"తగ్గదు తల్లీ."

గుట్ట కింద ఎక్కడో మేక అరిచింది. చెన్నకేశవులు ఆ మాట విని నాపరాళ్ళ మీద కూర్చుండిపోయాడు. ఇన్నాళ్ళ మేలుకోవడం, ఇన్నాళ్ళ మధ్యాహ్నాలు, మింగిన బిళ్ళలు, అన్నీ ఆ ఒక్క మాటతో బూడిదలో పోసిన పన్నీరయ్యాయి.

"తగ్గదా?" అన్నాడు. "తగ్గనప్పుడు నేనెందుకు ఇంకా ఉండాల తాతా? చెప్పు. ఎందుకుండాల?"

పీరా తాత గడప పట్టుకుని మూలుగుతూ లేచాడు. చేతిలో కర్రను నాగరత్న చేతిలో పెట్టి వంటపాక వైపు నడిచాడు.

"తాతా! యాడికి? ఇది నీ వంతు గదా!"

"అంట్లు తోముకోవాల" అన్నాడు ముసలాయన వెనక్కి తిరగకుండా.

గడప ఖాళీగా ఉంది. నాగరత్న ఒక క్షణం ఆ కర్ర వైపు చూసి, వచ్చి ఆ ఖాళీలో కూర్చుంది.

"వద్దు రత్నా. లెయ్."

ఆమె లేవలేదు.

"నీకు తెలీదు. నిద్రలో నేను నేను కాదు. పాపను చూసినావు గదా. పో ఆడినుంచి."

"నువ్వు నిలబడతావో పండుకుంటావో నీ ఇష్టం" అంది నాగరత్న. "నేనైతే లెయ్యను. గుట్ట ఎక్కి కాళ్ళు పీకుతాండాయి."

చెన్నకేశవులు లోపల నిలబడ్డాడు. చాలాసేపు నిలబడ్డాడు. వంటపాకలోంచి గిన్నెల చప్పుడు వస్తోంది. ప్రతి చప్పుడుకూ అతని భుజాలు బిగుసుకుంటున్నాయి, వదులవుతున్నాయి. ఆమె బయటికి చూస్తూ కూర్చుంది. చీర కొంగుతో మెడ తుడుచుకుంది. కదల్లేదు.

చివరికి అతను గడప దగ్గరికి వచ్చాడు. రెండు మూరల దూరంలో ఆగాడు.

"అప్పజెబుతా. ఇను" అన్నాడు.

ఆమె తిరిగి చూసింది.

"బయట ఏం లేదు. ఉన్నదంతా లోపలే. నేను పండుకున్నాక దగ్గరికి రావద్దు. అరిచినా రావద్దు. ఏడ్చినా రావద్దు. ముట్టుకోవద్దు. ఈడనుంచే పేరు పెట్టి పిలువు."

"పేరా?"

"పేరే. బావా అంటే నాకు ఇనపడదు. పేరు పిల్చి, ఇది యాడుందో చెప్పు, ఏ వారమో చెప్పు. మళ్ళీ మళ్ళీ చెప్పు."

పెళ్ళయినప్పటినుంచీ నాగరత్న మొగుడి పేరు నోటితో పలికింది లేదు. రేషను షాపులో అడిగినా పక్కవాళ్ళ చేత చెప్పించేది. ఇప్పుడు పెదాలు తడుపుకుంది. ఎవరైనా వింటారేమోనని వంటపాక వైపు ఒకసారి చూసింది.

"చెన్నకేశవులూ" అంది, చిన్నగా.

"ఇంకొంచెం గట్టిగా."

"చెన్నకేశవులూ."

"ఆ. అట్ల." అతను తల ఊపాడు. "అప్పటికీ నేను తెలివిలోకి రాకపోతే, లేచి బయటికి ఉరుకు. తలుపుకు బయట గొళ్ళెం పెట్టు. తాతను పిలువు. నా మీద జాలిపడొద్దు."

"ఇంకేమన్నా?"

"ఇంకేం లేదు."

"సరే" అంది నాగరత్న. అన్నాక కూడా అతని ముఖంలోకే చూస్తూ ఉంది. "నువ్వు పట్టాలానికి పోయినప్పట్నుంచి నేను ఒళ్ళు మరిచి నిద్రపోయింది లేదు. ఆడుంటే ఫోను మోగుతాదేమోనని. ఇంటికొస్తే నువ్వు లేస్తావేమోనని. ఇప్పుడు పాప ఏడుచ్చాదేమోనని. మీ పట్టాలంలో వంతులుంటాయి గదా. నన్నెవురు దింపుతారు బావా?"

చెన్నకేశవులు ఆమెను చూశాడు. ఆమె కళ్ళ కింద నలుపు ఉంది. తన కళ్ళ కిందది అతను బిందె నీళ్ళలో చూసుకున్నాడు. ఆమెది చూడలేదు. నాలుగు దిక్కులూ కాచినవాడు తన ఎదురుగా ఉన్న మనిషిని ఇన్నేళ్ళూ చూడలేదు.

"నేను" అన్నాడు.

ఆమెకు వినపడలేదు.

"నేను దింపుతా."

లోపలికి పోయి నాపరాళ్ళ మీద పడుకున్నాడు. ఆమె వాకిలి వైపు తిరిగి, కర్ర ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కాసేపటికి లోపలనుంచి అతను పిలిచాడు.

"రత్నా."

"ఊఁ."

"ఎండ వాలంగానే లేపు. పాపం పండుకోనీలే అనుకోవద్దు."

"లేపుతా" అంది నాగరత్న.